స్లాబు కింద మేడం

బూట్లు బాబాయివి. ఆమె పాదాలకు రెండు సైజులు పెద్దవి. పిన్ని పాత చున్నీ ఒకటి చింపి రెండు బూట్ల ముక్కుల్లోనూ కుక్కి, "ఏదీ, నడువు" అంది. హాల్లో మడత మంచానికీ చెప్పుల స్టాండుకీ మధ్య మిగిలిన జానెడు చోటులో ఆమె అటూ ఇటూ నడిచింది.

"అలా ఈడుస్తావేమే? నువ్వు బూట్లు వేసుకున్నట్టు లేదు, బూట్లే నిన్ను వేసుకున్నట్టుంది."

"వదిలెయ్, కాళ్లు ఎవరు చూస్తారు," అన్నాడు బాబాయి టీ గ్లాసు కింద పెడుతూ. "నోరు చూస్తారు. ఏదీ, ఇంకోసారి చెప్పు. ఎన్నేళ్ల అనుభవం?"

"మూడు."

"మూడు అంటూ గోడ వైపు చూస్తావేం? గోడ ఇస్తుందా నీకు ఉద్యోగం? నన్ను చూసి చెప్పు."

"మూడేళ్లు, బాబాయ్."

"అక్కడ కూడా బాబాయ్ అనేసేవు, కొంప మునుగుతుంది. అబద్ధం ఆడితే అతికినట్టుండాలి, అమ్మడూ. నీది అతకడం లేదు. పాత గోడ మీద కొత్త సున్నంలా పెచ్చులూడుతోంది."

నిజానికి ఆమె అనుభవం ఎనిమిది నెలలు. సివిల్ ఇంజినీరింగ్ పాసయ్యాక సొంత ఊళ్లో ఒకే ఒక్క అపార్టుమెంటు పనిలో చేరింది. బిల్డరు ఆ పనిని సగంలో ఆపేసి మాయమయ్యాడు. తర్వాత ఎక్కడా దొరకక, పిన్నీ బాబాయీ రమ్మంటే విజిట్ వీసా మీద ఈ దేశం వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి ఏ ఆఫీసు మెట్లెక్కినా ఒకటే ప్రశ్న: "ఇక్కడి అనుభవం ఉందా?" ఉద్యోగం ఇస్తేగానీ అనుభవం రాదు, అనుభవం ఉంటేగానీ ఉద్యోగం ఇవ్వరు. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు అన్న సామెత ఆమె చిన్నప్పట్నుంచీ వింటున్నదే. అది తన గురించే పుట్టిందని మాత్రం ఇక్కడికొచ్చాకే తెలిసింది.

వీసా ఈ వారంతో అయిపోతుంది. ఈలోగా ఎవరైనా పనిలోకి తీసుకుంటామని రాసిస్తే ఉండవచ్చు. లేకపోతే విమానం ఎక్కాలి.

బాబాయి కాంక్రీటు మిక్సర్ లారీ డ్రైవరు. ఏ సైటుకు కాంక్రీటు తోలినా అక్కడ నలుగురిని పలకరించి రావడం ఆయనకు అలవాటు. అలా పలకరించిన వాళ్లలో ఒక సెంట్రింగ్ ఫోర్‌మన్ తెలుగువాడు. స్లాబు పోసేముందు కింద పలకలూ, వాటిని మోసే ఇనుప జాకీలూ బిగించే పనివాళ్లందరికీ ఆయనే పెద్ద. "మా ఆవిడ అక్క కూతురు, మంచి ఇంజినీరు, మూడేళ్ల అనుభవం," అని బాబాయి ఆయనతో అన్నాడు. ఆయన ఆ మాటనే పైవాళ్లకు చేరవేశాడు. ఇవాళ స్లాబు పోస్తున్నారు, ఒక్కరోజు పనిచేయించి చూస్తాం రమ్మన్నారు.

"నాకోసం వాడు మాటిచ్చాడు," అన్నాడు బాబాయి తలుపు తీస్తూ. "నేను వాడికి మాటిచ్చాను. ఇప్పుడు నువ్వు మా ఇద్దరి నెత్తిన ఉన్నావు. మెల్లిగా దిగు, దూకకు."

*

సైటు గేటు దగ్గర పసుపు చొక్కా వేసుకున్న సేఫ్టీ ఉద్యోగి కొత్తవాళ్లను నిలబెట్టి ఒక నియమం చెప్పాడు. ఈ సైట్లో ఎవరికి ఏ తప్పు కనిపించినా రెండు చేతులూ పైకెత్తి ఊపితే చాలు, పని ఆగాలి. ఊపింది ఇంజినీరయినా సరే, ఇటుకలు మోసేవాడయినా సరే.

ఫోర్‌మన్ ఆమెకు తన పాత హెల్మెట్ ఇచ్చాడు. "తల్లీ, పెద్దింజినీరమ్మతో జాగ్రత్త. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. అడిగినదానికి జవాబు చెప్పు, అడగనిదానికి చెప్పకు."

పెద్దింజినీరమ్మ రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్న బక్కపలచని మనిషి. మరో దేశస్థురాలు. నల్లకళ్లద్దాలు తాడుకు కట్టి మెడలో వేసుకుంది. సైట్లో నడిచేది ఇంగ్లీషే అయినా, ఆ రోజు అక్కడ జరిగిందంతా తర్వాత ఇంట్లో వంద సార్లు తెలుగులోనే చెప్పుకున్నారు గనక ఆమె మాటలు కూడా తెలుగులోనే మిగిలాయి.

"మూడేళ్లా?" అంది పెద్దింజినీరమ్మ, పైనుంచి కిందిదాకా చూసి. చూపు బూట్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"అవును మేడం." ఈసారి గోడ వైపు చూడలేదు. చూడ్డానికి అక్కడ గోడలే లేవు.

"మంచిది. అంతా తిరిగి చూడు. ఏం చూశావో వచ్చి చెప్పు."

అప్పటికే కాంక్రీటు పంపు పొడవాటి చెయ్యి స్లాబు మీదికి వంగి ఉంది. మొదటి లారీ కాంక్రీటు దింపడం మొదలుపెట్టింది. రోడ్డు మీద వెనకాల మరికొన్ని లారీలు డ్రమ్ములు తిప్పుకుంటూ వరుసలో నిలబడ్డాయి. వాటిలో మూడోది బాబాయిది.

ఆమె పైకి వెళ్లలేదు. కాళ్లు వాటంతటవే స్లాబు కిందికి దారి తీశాయి. అందుకు కారణం ఉంది. ఆ ఎనిమిది నెలల్లో ఆమె చూసిన స్లాబులన్నీ కిందినుంచి చూసినవే. పోత రోజున సీనియర్లు పైన గొడుగుల కింద నిలబడి కూల్‌డ్రింకులు తాగేవారు. కొత్తగా చేరిన పిల్లను మాత్రం కిందికి తోలేవారు, జాకీలు కదులుతున్నాయేమో కాపలా కాయమని. సిమెంటు చుక్కలు మెడ మీద పడుతుంటే, ఆ చీకట్లో, పనయ్యేదాకా. పనివాళ్లు ఆమెకు "కింద మేడం" అని పేరు పెట్టేశారు. "కింద మేడానికి టీ ఇచ్చారా?" అని ఎవరైనా అరిస్తే, "మేడానికి పైనుంచే పోస్తున్నాం, సిమెంటు టీ!" అని ఇంకెవరో అరిచేవారు.

ఇక్కడ కింద ఇనుప జాకీలు చెరకుతోటలా బారులు తీరి ఉన్నాయి. పైన పలకలు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నున్నగా, సమానంగా. ఆమె తలెత్తి చూస్తూ నడిచింది. ఒక గది వచ్చే చోటు దాటింది, రెండో గది చోటు దాటింది. ఎక్కడో ఏదో లోటుగా ఉంది. ఏమిటో మొదట తెలియలేదు. మూడో గది దగ్గర తెలిసింది.

బాత్రూములు లేవు.

అంటే, బాత్రూముల చోట ఉండాల్సిన గుంటలు లేవు. ఆమె ఊళ్లో అపార్టుమెంటు కడితే, బాత్రూము వచ్చేచోట స్లాబును మిగతా గది కంటే జానెడు కిందికి దించి పోస్తారు. ఆ గుంటలో పైపులు పరిచి, పూడ్చి, పైన టైల్స్ వేస్తారు. పైనుంచి చూస్తే గుంట. కిందినుంచి చూస్తే కప్పుకు పెట్టె వేలాడదీసినట్టు ఉంటుంది. ఆ పెట్టె అంచు ఆమె నుదుటికి ఒకసారి తగిలి, ఇంత బొప్పి కట్టింది కూడా. ఇక్కడ ఒక్క పెట్టె లేదు. కప్పంతా అద్దంలా చదును.

సెంట్రింగ్ వాళ్లు మర్చిపోయారు! ఇంత పెద్ద భవనంలో బాత్రూములు మర్చిపోయారు! పైన కాంక్రీటు పడుతోంది!

ఆమె మెట్ల మీదుగా పరుగెత్తింది. కుడికాలి బూటు ఒక మెట్టు మీద ఉండిపోబోయి, చివరి క్షణంలో వెంట వచ్చింది. స్లాబు మీదికి చేరగానే రెండు చేతులూ పైకెత్తి ఊపింది.

"ఆపండి! ఆపండి!"

పంపు ఆపరేటరు నడుముకు కట్టుకున్న డబ్బా మీద మీట నొక్కాడు. పంపు దగ్గినట్టు దగ్గి ఆగింది. పార పట్టినవాడు పారతోనే ఆగాడు. అంత చప్పుడూ పోయాక, రోడ్డు మీద లారీల డ్రమ్ములు తిరిగే గరగర ఒక్కటే మిగిలింది.

*

పెద్దింజినీరమ్మ తొందర పడలేదు. వచ్చింది, ఆమె చెప్పింది మొత్తం విన్నది. పక్కన నిలబడ్డ ఫోర్‌మన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అయిందా?" అంది పెద్దింజినీరమ్మ. "ఇక్కడ స్లాబు దించరు. పైపులు స్లాబు కింద వేలాడతాయి. వాటిని కప్పుతూ కింద ఇంకో పల్చటి కప్పు బిగిస్తారు. పైపు దిగడానికి కావాల్సిన గొట్టాలు అవిగో, ప్రతి బాత్రూములోనూ నిలబెట్టే ఉన్నాయి. లెక్క చూసుకుంటావా?"

గొట్టాలు ఉన్నాయి. ఊచల మధ్య, మూతలు బిగించుకుని, వరుసగా. తను పైకి వచ్చి చూసి ఉంటే కనిపించేవి.

ఎవరో నవ్వారు. ఇంకెవరో వాళ్ల భాషలో ఏదో అంటే ఇంకొంతమంది నవ్వారు. ఆమె చెవులు కాలిపోయాయి.

"ఈ దేశంలో నిన్నగాక మొన్న పునాది తీసిన ఇల్లు కూడా ఇలాగే ఉంటుంది," అంది పెద్దింజినీరమ్మ. "నువ్వు ఇక్కడ పనిచేయలేదు. సరే, అది నాకు తెలుసు. కానీ మూడేళ్లు పనిచేసినవాళ్లు ఒకటి చేస్తారు. పలక మీదికెక్కి, డ్రాయింగు అడిగి, ఆ తర్వాత చేతులు ఊపుతారు. నిజంగా మూడేళ్లేనా?"

ఫోర్‌మన్ దగ్గాడు. ఆ దగ్గుకు అర్థం ఆమెకు తెలుసు. కింద రోడ్డు వైపు చూసింది. వరుస ఆగిపోవడంతో బాబాయి లారీ దిగి, ఏమైందా అని స్లాబు అంచు కిందిదాకా వచ్చి నిలబడ్డాడు. తలెత్తి చూస్తున్నాడు. పెద్దింజినీరమ్మ గొంతు అక్కడికి వినబడుతుంది. తన గొంతూ వినబడుతుంది.

మూడు అంటే ఇంకా నెట్టుకురావచ్చు. చిన్న పొరపాటు, ఎవరికి జరగదు? ఎనిమిది నెలలు అంటే తన ఉద్యోగంతో పాటు ఇద్దరి మాటా పోతుంది.

"ఎనిమిది నెలలు మేడం," అంది. "మూడు కాదు."

పెద్దింజినీరమ్మ ఫోర్‌మన్ వైపు తిరిగింది. "నువ్వు నాకు చెప్పింది మూడు."

"నాకు చెప్పిందీ మూడే మేడం," అన్నాడు ఫోర్‌మన్. అతని చూపు అంచు కింద నిలబడ్డ మనిషి మీద పడింది. బాబాయి తల దించుకుని లారీ వైపు నడిచాడు.

"పంపు మొదలుపెట్టండి," అంది పెద్దింజినీరమ్మ. తర్వాత ఆమెతో, కోపం లేకుండానే, "నువ్వు వెళ్లవచ్చు," అంది. కోపం లేకపోవడమే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

*

వెళ్లవచ్చు అంటే ఎలా వెళ్తుంది? తీసుకొచ్చింది బాబాయి. బాబాయి లారీ వరుసలో ఉంది. ఆ కాంక్రీటు దిగితేగానీ ఆయన కదలడు. దిగాక ఆయన తనను ఎక్కించుకుంటాడో లేదో కూడా చెప్పలేం. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ గేటు దగ్గర నిలబడటానికి మనసొప్పలేదు. ఫోర్‌మన్ హెల్మెట్ తన నెత్తి మీదే ఉంది. కనీసం అది తిరిగిచ్చేద్దామని స్లాబు కిందికి వెళ్లింది.

ఫోర్‌మన్ దూరంగా అవతలి చివర, టార్చి పట్టుకుని జాకీలు చూస్తున్నాడు. పైన పంపు హోరు. కాంక్రీటు పడ్డచోటల్లా పలకలు మూలుగుతున్నాయి. పలకల సందుల్లోంచి సిమెంటు పాలు కారుతున్నాయి. అది మామూలే. ఊళ్లో సెంట్రింగ్ మేస్త్రీ మొదటి రోజే చెప్పాడు. "కింద మేడం, భయపడకు. పాలు కారితే కారనీ. పాలు ఆగి కంకర రాలిందా, అప్పుడు కేకెయ్."

ఆమె హెల్మెట్ విప్పబోయి ఆగింది.

భవనం అంచున ఉన్న దూలానికి పక్కగా బిగించిన పలక అడుగున, రెండు పలకలు కలిసేచోట, పాలు ధారగా కారుతున్నాయి. ధార సన్నబడింది. ఆగింది. హమ్మయ్య, సందు మూసుకుందనుకుంది.

టప్.

బూటు ముక్కు మీద ఏదో పడింది. వంగి తీసింది. తడి కంకర రాయి, బఠాణీ గింజంత. ఇంకోటి పడింది. తలెత్తి చూస్తే పక్కపలక కడుపు ఉబ్బినట్టు కనబడింది. నిజంగానే ఉబ్బిందా? లేక ఇందాకటి సిగ్గు ఇంకా కళ్ల ముందు ఆడుతోందా? వెలుతురు తక్కువ. పలక ముందునుంచే వంకరేమో. ఇక్కడి పలకలే ఇంతేమో. స్లాబే వేరేగా పోస్తున్నవాళ్లు, కంకర కూడా వేరేగా రాలుస్తారేమో!

నాన్నా పులి కథ గుర్తొచ్చింది. ఆ కథలో రెండోసారి ఎవరూ రారు.

"అన్నా!" అని అరిచింది. "ఫోర్‌మన్ అన్నా! ఇటు రా!"

అంత దూరం నుంచి అతను టార్చి ఆమె ముఖం మీదికి తిప్పాడు. "ఇంకా ఇక్కడే ఉన్నావా? మళ్లీ ఏంటి తల్లీ? ఈసారి వంటగదులు లేవా?"

"కంకర రాలుతోంది అన్నా! ఇక్కడ దూలం!"

"వస్తున్నా, వస్తున్నా..." అతను వస్తున్నాడు గానీ, విసుక్కుంటూ, జాకీల మధ్య పక్కవాటుగా నడుస్తూ. ఇంకో రాయి రాలింది. ఆ వెంటనే గుప్పెడు.

అతను వచ్చేదాకా ఆగితే? కాంక్రీటు ఆగదు. దూలం పక్క తెరుచుకుంటే పైనున్న మనుషులు ఆ అంచునే ఉన్నారు.

మెట్ల దగ్గరికి పరుగెత్తింది. ఈసారి కుడికాలి బూటు నిజంగానే ఊడి ఉండిపోయింది. దాన్నక్కడే వదిలేసి, ఒంటి బూటుతో, చున్నీ పీలిక వేలాడుతున్న కాలితో, మెట్ల పైన తల బయటపెట్టి రెండు చేతులూ ఎత్తి ఊపింది.

పంపు ఆపరేటరు చూశాడు. చెయ్యి మీట మీదే ఉంది గానీ నొక్కలేదు. పెద్దింజినీరమ్మ వైపు చూశాడు. ఆమె కూడా ఇటే చూస్తోంది. అటు పక్కనుంచి ఎవరో అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు.

ఆమె చేతులు దించలేదు. పంపు గొట్టం చివర నుంచి ఇంకా కాంక్రీటు పడుతూనే ఉంది, ఒక ముద్ద, ఇంకో ముద్ద.

పెద్దింజినీరమ్మ అరచెయ్యి అడ్డంగా తిప్పింది. పంపు ఆగింది.

సరిగ్గా అప్పుడే కిందినుంచి ఫోర్‌మన్ కేక. విసుగు ఎటు పోయిందో పోయింది. "జాకీలు తేండ్రా! రెండు జాకీలు! ఏటవాలుగా కొట్టండి! తొందరగా!" కింద కాళ్ల చప్పుడు, ఇనుము మీద సుత్తి దెబ్బలు. అంచున నిలబడ్డ పనివాళ్లను పెద్దింజినీరమ్మ వెనక్కి రమ్మని సైగ చేసింది.

బిగించడానికి టీ తాగినంతసేపు పట్టింది. ఆ సేపంతా ఎవరూ నవ్వలేదు. ఆమె అదే మెట్టు మీద కూర్చుండిపోయింది.

*

చివరి లారీ ఖాళీ అయ్యాక పెద్దింజినీరమ్మ ఫోర్‌మన్‌ను వెంటబెట్టుకుని కిందికి వచ్చి ఆ దూలాన్ని చేత్తో తడిమి చూసింది. పక్కపలక ఇంకా బొటనవేలు మందం బయటికే ఉంది.

"ఎలా తెలిసింది?"

"పాలు ఆగి కంకర రాలింది మేడం."

"ఎవరు నేర్పారు?"

"మా ఊళ్లో సెంట్రింగ్ మేస్త్రీ. ఆ ఎనిమిది నెలలూ నేను కిందే ఉన్నాను మేడం. పైన ఏం చేస్తారో నాకు అంతగా తెలియదు. నిజం."

పెద్దింజినీరమ్మ నల్లకళ్లద్దాలు తుడుచుకుంది. "ఇంజినీరు పోస్టుకు నిన్ను తీసుకోను. దానికి మూడేళ్లు కావాలి, నిజమైనవి. అది నువ్వు బాధపడ్డా అంతే." అద్దాలు మళ్లీ మెడలోకి జారవిడిచింది. "నీ మొదటి కేకవల్ల నాకు ఒక లారీ కాంక్రీటు వేడెక్కి పాడయ్యేదే. అది మర్చిపోను. కానీ అంత నవ్వులపాలయ్యాక రెండోసారి చెయ్యెత్తేవాళ్లు నాకు తక్కువమంది దొరుకుతారు. ఇతని కింద పోత రోజు కాపలాకీ, పలకలు పరీక్షించడానికీ ఒక మనిషి కావాలి. ట్రైనీ. కాగితం మీద ఎనిమిది నెలలనే రాస్తాను. ఒప్పుకుంటే రేపు పాస్‌పోర్టు తెచ్చుకో."

"వీసా ఈ వారంతో..."

"అందుకే రేపు అన్నాను."

పెద్దింజినీరమ్మ వెళ్లిపోయాక ఫోర్‌మన్ ఊడిన బూటు తెచ్చి ముందు పెట్టాడు. "ఇదిగో తల్లీ, నీ పడవ." తర్వాత కొంచెం గట్టిగానే, "మీ బాబాయితో నేను వేరే మాట్లాడాలి. నన్ను ఆవిడ ముందు దోషిలా నిలబెట్టాడు. ఇవాళ బతికిపోయాను, అది వేరే సంగతి," అన్నాడు.

బాబాయి గేటు బయట లారీ డ్రమ్ము కడుగుతున్నాడు. ఆమెను చూసి కూడా పైపు కట్టలేదు. ఆమె చెప్పిందంతా నీళ్ల చప్పుడులోనే విన్నాడు. ఇద్దరూ లారీ ఎక్కి బయల్దేరారు. రెండు సిగ్నళ్లు దాటాయి.

"అందరి ముందూ నా పరువు తీశావు," అన్నాడు చివరికి.

"అవును బాబాయ్."

"ఆ ఫోర్‌మన్ ఇక నా మాట నమ్మడు. ఇరవై మందిని పలకరించి సంపాదించుకున్న మాట అది. రేపు నేను ఎవరి గురించైనా చెబితే, మూడేళ్లా ఎనిమిది నెలలా అని అడుగుతాడు."

ఆమెకు ఏడుపొచ్చింది. ఆపుకుంది. "అతకలేదు బాబాయ్. నువ్వు పొద్దున్నే చెప్పావుగా."

బాబాయి గేరు మార్చాడు. మీసం కింద ఏదో కదిలింది, నవ్వో, తిట్టో తెలియలేదు. ఫోను మోగింది. పిన్ని. ఆయన స్పీకరు నొక్కాడు.

"ఏమైంది? మాట్లాడరేం ఇద్దరూ? వచ్చిందా, రాలేదా?"

"వచ్చింది," అన్నాడు బాబాయి. "సగం."

"సగం ఉద్యోగం ఏమిటండీ, మీ మొహం!"

"కింది సగం," అన్నాడు బాబాయి. "పై సగం ఇంకా సంపాదించుకోవాలట. నీ అక్క కూతురు ఆ పాస్‌పోర్టు ఎక్కడ పెట్టిందో వెతికి ఉంచు. ఇంకో సంగతి. రేపు నా బూట్లు నాకు కావాలి. దాని సైజు కనుక్కుని దానివి దానికి చూడు."

"నాకు తెలియదా దాని సైజు! పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా," అంది పిన్ని. పిన్ని ఏడుస్తోందని గొంతులో తెలిసిపోయింది.

లారీలో ఆమె వంగి రెండు బూట్లూ విప్పేసింది. ముక్కుల్లోంచి తడిసి ముద్దయిన చున్నీ పీలికలు లాగింది. వాటితో పాటు బఠాణీ గింజంత కంకర రాయి ఒకటి రాలి కాళ్ల దగ్గర పడింది. బాబాయి అటు ఒకసారి చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు.